చెట్టు నీడకి ఈఎంఐ

వారానికి కనీసం రెండుసార్లు నాకో ఫోన్ వస్తుంది. "సార్, ప్రకృతి ఒడిలో ఫార్మ్ ప్లాట్స్ ఉన్నాయి, వీకెండ్‌లో ఫ్యామిలీతో వచ్చి రిలాక్స్ అవ్వచ్చు, సైట్ విజిట్‌కి కారు మేమే పంపిస్తాం" అని. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంటే మీకూ వస్తూనే ఉంటాయి. చేవెళ్ల, శంకర్‌పల్లి, యాచారం, కడ్తాల్.. ఏ దిక్కు పోయినా గేటు, గేటు మీద ఇంగ్లీషు పేరు, లోపల కర్రలకి కట్టిన మామిడి మొక్కలు. అమ్మేది గుంటల లెక్కన. గుంటంటే 121 గజాలు, నలభై గుంటలైతే ఎకరం. ఈ లెక్కన ఊళ్ళో మా బాపుకున్న నాలుగెకరాలు అచ్చంగా నూట అరవై ప్రకృతి ఒడులు! ఈ సంగతి బాపుకి చెప్తే, "మరి నూటరవైల ఒక్కదాంట్ల గూడ నాకు నడుం వాల్చే టైం దొరకదేందిరా" అన్నాడు.

వస్తువుల్లో సుఖం లేదు, ప్రకృతిలో ఉంది అని మా తరం వాళ్ళకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. అందరికీ తెలిసిపోయింది. నన్నడిగితే అసలు చిక్కే అది. ఎంతగా తెలిసిపోయిందంటే ఇప్పుడు ఆ ప్రకృతిని కూడా వస్తువు చేసి, ప్యాక్ చేసి, ఈఎంఐ మీద మనకే అమ్ముతున్నారు. మనం కొంటున్నాం.

మా టీంలో ఒకతను రెండేళ్ళ క్రితం రెండు గుంటలు కొన్నాడు. కొత్తలో ప్రతి శనివారం వెళ్ళేవాడు. తర్వాత నెలకోసారి. ఇప్పుడు అక్కడికి వెళ్తే అతను చేసే పనులు ఇవీ: హద్దురాళ్ళు కదిలాయా చూడ్డం, వాచ్‌మన్ మొక్కలకి నీళ్ళు పెట్టాడో లేదో కనుక్కోవడం, పక్క ప్లాటు వాడు ఫెన్సింగు ఒక అడుగు లోపలికి జరిపాడని గొడవ పడటం, మెయింటెనెన్స్ బిల్లు ఎందుకు పెరిగిందని ఆఫీసులో అడగడం. ఇవన్నీ అయ్యాక చీకటి పడేలోపు ఔటర్ ఎక్కేయాలి. చెట్టు కింద కూర్చున్నావా అని అడిగితే, "చెట్లింకా నడుం ఎత్తు కూడా రాలేదు బాస్" అన్నాడు.

పెట్టుబడి కోసం కొంటే అది వేరే లెక్క, లాభమా నష్టమా చూసుకోవచ్చు. నాకు అభ్యంతరం ప్రశాంతత పేరుతో కొనడం దగ్గర. కొన్న మరుక్షణం నుంచీ అది కాపాడుకోవాల్సిన ఆస్తి. ఆస్తిని చూసే కళ్ళు వేరు, చెట్టుని చూసే కళ్ళు వేరు.

వస్తువు ఎందుకు తృప్తినివ్వదు అన్నదానికి సైకాలజీ వాళ్ళ దగ్గర పాత సమాధానమే ఒకటి ఉంది. 1971లో బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు దానికి ఒక ట్రెడ్‌మిల్ పోలిక పెట్టారు. ఎంత పరిగెత్తినా ఉన్నచోటే ఉంటాం, ఎందుకంటే మనసు కొత్త స్థాయికి అలవాటు పడి దాన్నే సున్నా కింద లెక్కేసుకుంటుంది. 1978లో బ్రిక్‌మనే మరో ఇద్దరితో కలిసి లాటరీ గెలిచినవాళ్ళని అడిగి చూస్తే, వాళ్ళు మామూలు జనం కంటే చెప్పుకోదగ్గంత ఆనందంగా ఏం లేరని తేలింది. పైగా రోజువారీ చిన్న చిన్న విషయాల్లో వాళ్ళకి దొరికే సంతోషం మిగతావాళ్ళ కంటే తక్కువ. హైక్ వచ్చిన నెల మనం పడే సంబరం, ఆరు నెలల తర్వాత అదే జీతం మీద మన ఏడుపు గుర్తు తెచ్చుకుంటే ఈ పరిశోధన చదవకపోయినా నష్టం లేదు.

మరి ప్రకృతికి కూడా అలవాటు పడిపోమా? పడతాం, కొంత. చెరువు పక్కనే పుట్టి పెరిగినవాడు రోజూ చెరువుని చూసి పరవశించిపోడు. కానీ ఒక తేడా ఉందని నాకనిపిస్తుంది. ఫోను నేను ఎప్పుడు తీస్తే అప్పుడు అలాగే ఉంటుంది. చెరువు అలా ఉండదు. నిన్న కనబడిన కొంగ ఇవాళ ఉండదు, వాన పడ్డ మర్నాడు నీళ్ళ రంగు వేరు, ఏ చెట్టు ఎప్పుడు ఆకు రాలుస్తుందో మన క్యాలెండర్‌ని అడగదు. మనం పిలిస్తే వచ్చేది కాదు కాబట్టి, వచ్చినప్పుడు దాని విలువ తగ్గదు. ఇది నా సొంత సిద్ధాంతం, దీనికి ఏ జర్నలూ బాధ్యత వహించదు :)

జర్నల్స్‌లో ఉన్నవి కూడా లేకపోలేదు. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 'సైన్స్' పత్రికలో ఒక చిన్న పేపర్ వేశాడు. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో గాల్ బ్లాడర్ ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రికార్డులు తీసి, జతలు జతలుగా పోల్చాడు. సగం మందికి గది కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్ళు కాస్త ముందుగా ఇంటికెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ అడిగారు. గమనించండి, ఆ చెట్లు ఆ పేషెంట్లవి కావు. వాటి మీద ఎవరి పేరూ రాసిలేదు. కిటికీలోంచి కనిపించాయి, అంతే. 2019లో ఇంగ్లండులో ఇరవై వేల మంది దాకా జనం మీద ఇంకో అధ్యయనం వచ్చింది, వారానికి రెండు గంటలు పార్కులోనో పొలాల్లోనో గడిపేవాళ్ళు తమ ఆరోగ్యం బావుందని ఎక్కువగా చెప్పారని. దీన్ని మాత్రం నేను కొంచెం అనుమానంగానే చూస్తాను. ఆరోగ్యం బావున్నవాళ్ళే బయటికి ఎక్కువ తిరుగుతారేమో కదా! ఏది కారణం, ఏది ఫలితం అన్నది అంత తేలిగ్గా తేలదు.

పరిశోధనల సంగతి అలా ఉంచితే, ఈ విషయాన్ని నాకు అందరికంటే బాగా చెప్పింది మా ఊరి దసరా. తెలంగాణలో పెరిగినవాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. దసరా సాయంత్రం ఊరంతా కొత్త బట్టలు కట్టుకుని ఊరి బయటికి నడుస్తారు, జమ్మిచెట్టు దగ్గరికి. పూజయ్యాక నాలుగు జమ్మి ఆకులు తెంపుకుని, తిరిగొచ్చి పెద్దవాళ్ళ చేతుల్లో పెట్టి కాళ్ళు మొక్కుతాం. ఈడు వాళ్ళయితే ఆకు చేతిలో పెట్టి కౌగిలించుకుంటాం. ఆ ఆకుని ఆకు అనరు, బంగారం అంటారు. "బంగారం తీసుకో బాపు" అని ఇస్తే, ఏడాదంతా పత్తి రేటు గురించి బాధపడే మనిషి ఆ ఆకుల్ని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకునేవాడు. అప్పులిచ్చిన షావుకారి చేతిలో కూడా అదే ఆకు, జీతగాడి చేతిలో కూడా అదే ఆకు. ఆ ఒక్క సాయంత్రం ఊళ్ళో బంగారం లేని ఇల్లు ఉండదు.

ఆ దారిలోనే ఇంకో పని ఉంటుంది, పాలపిట్టని చూడ్డం. రాముడు యుద్ధానికి బయల్దేరే ముందు దాన్ని చూశాడని, చూస్తే ఏడాదంతా జయమని చెప్తారు. పాలపిట్ట కూర్చుని ఉంటే పెద్దగా ఏముండదు, కరెంటు తీగ మీద గోధుమరంగులో మట్టిముద్దలా ఉంటుంది. ఎగిరిందా, రెక్కల్లోంచి నీలం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. చిన్నప్పుడు బాపు భుజాల మీద కూర్చుని పొలాల గట్లంట వెతికేవాణ్ణి. ఒక్కో ఏడు గంటసేపు తిరిగినా కనిపించేది కాదు. కనిపిస్తే మాత్రం అక్కడున్న అందరికీ ఒకేసారి కనిపించేది. ముందు చూసినవాడు అరిచి చూపించేవాడు, తర్వాత చూసినవాడికి పుణ్యం తగ్గేదేం కాదు. ఆ ఆచారం పెట్టినవాళ్ళెవరో గానీ, పట్టుకోమనలేదు, ఇంటికి తెచ్చుకోమనలేదు. చూడమన్నారంతే.

ఇప్పుడు హైదరాబాదులో ఏం జరుగుతోందో చూశారా? దసరా నాడు మా ఇంటి దగ్గర గుడి ముందు ఒకతను చిన్న పంజరం పట్టుకుని నిలబడ్డాడు. లోపల పాలపిట్ట, కాళ్ళకి దారం. డబ్బులిస్తే పైన కప్పిన గుడ్డ తీసి చూపిస్తాడు. జనం లైన్లో నిలబడి చూసి, దండం పెట్టి, ఫోటో తీసుకుని వెళ్తున్నారు. రెక్కలు విప్పే చోటు లేదు కాబట్టి ఆ నీలం ఎవరికీ కనిపించలేదు. అది తెలంగాణ రాష్ట్ర పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, బంధించడం నేరం కూడా. అటవీశాఖ వాళ్ళు కొన్నిసార్లు పట్టుకుని వదిలిపెడుతుంటారు. కానీ ఆ పంజరం వాడి మీద కంటే ఆ లైను మీద నాకు కోపం వచ్చింది. వెతుక్కోకుండా, ఎండలో నడవకుండా, కనిపించదేమోనన్న బెంగ లేకుండా, గ్యారంటీగా కావాలి. ఫార్మ్ ప్లాటుకీ, ఈ పంజరానికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

ఇంతవరకూ చదివి "నెల నెలా జీతం పడుతుంటే ఇలాంటి కబుర్లు ఎన్నైనా చెప్తావు" అని మీరనుకుంటే, అది న్యాయమైన మాటే. ప్రకృతిలో తృప్తి అనగానే అందరూ తోరోని తెస్తారు. 1845లో వాల్డెన్ చెరువు పక్కన ఇరవై ఎనిమిది డాలర్ల చిల్లరతో గుడిసె కట్టుకుని రెండేళ్ళ పైన ఉన్నాడు, 1854లో పుస్తకం రాశాడు. ఆ స్థలం ఆయన మిత్రుడు ఎమర్సన్‌ది. కన్నవాళ్ళ ఊరు నడిచి వెళ్ళేంత దూరంలోనే, వెళ్ళి భోంచేసి వచ్చేవాడు కూడా. దాన్ని పట్టుకుని ఆయన్ని వెక్కిరించేవాళ్ళు చాలామంది. నాకు వెక్కిరించాలనిపించదు గానీ, ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆకాశం కేసి చూసి ఆనందించాలంటే ఆ ఆకాశం మీద మన తిండి ఆధారపడి ఉండకూడదు. మా బాపు మబ్బుల్ని రోజూ నాకంటే ఎక్కువసేపే చూస్తాడు. పత్తి పగిలే టైంలో మబ్బు పడితే ఆయనకది అందం కాదు, ఆ ఏటి అప్పు. కిరాయి కట్టలేనివాడికి పోయి చెరువు చూసి తృప్తి పడమని చెప్పడం పొగరు. నేను చెప్పేది అవసరాలు తీరిపోయిన తర్వాత కూడా కొంటూనే ఉండే మనలాంటి వాళ్ళ గురించి.

మనలాంటి వాళ్ళం ఏం చేసినా దాన్ని మళ్ళీ కొనుగోలే చేసేస్తాం, అదొక రోగం. మా ఆఫీసులో పక్షులు చూసే బ్యాచ్ ఒకటుంది. మంచి వాళ్ళే, నేనూ వెళ్తుంటాను. మొదటి నెల అందరి దగ్గరా ఒక్క బైనాక్యులర్స్ ఉండేవి, చేతులు మార్చుకుని చూసేవాళ్ళం. ఏడాదికల్లా ఒకరిది రెండు లక్షల లెన్సు, ఇంకొకరిది మూడు లక్షల లెన్సు. ఇప్పుడు అమీన్‌పూర్ చెరువు గట్టు మీద టీ తాగుతూ మాట్లాడుకునేది పక్షుల గురించి కాదు, షట్టర్ స్పీడు గురించి. ఎవరి లిస్టులో ఎన్ని జాతులయ్యాయన్నది ఇంకో పోటీ. పక్షిని పంజరంలో పెట్టకపోయినా ఎక్సెల్ షీటులో పెట్టేశాం. (ఆ బ్యాచ్ వాళ్ళు ఇది చదువుతారు, చదవనీండి.)

అమీన్‌పూర్ అన్నాను కదా, ఆ చెరువు సంగతి చెప్పాలి. నగరం అంచున, చుట్టూ అపార్టుమెంట్ల మధ్య ఉన్న ఆ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో నగర ప్రాంతపు చెరువుకి ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. చలికాలంలో ఫ్లెమింగోలు దిగుతాయి. టికెట్ లేదు, పట్టా లేదు, మెయింటెనెన్స్ బిల్లు లేదు. నాకూ, గట్టు మీద గేదెలు మేపుకునే పెద్దాయనకీ ఒకే చెరువు. అసలు నేను తృప్తి అని దేన్నైతే అంటున్నానో అదంతా ఇలాంటి ఎవరిదీ కాని చోట్ల మీద ఆధారపడి ఉంది. ఎవరిదీ కానిది కాబట్టే అది అన్నిటికంటే ముందు పోతుంది.

2025 ఉగాది నాడు, మార్చి 30న, కంచ గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న నాలుగొందల ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. ఐటీ కంపెనీల కోసమని. అంటే నాలాంటి వాళ్ళ కుర్చీల కోసమే. స్టూడెంట్లు అడ్డం పడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది, అప్పటికే చాలా చెట్లు పోయాయి. ఆ భూమి ఎవరిది అని నెలలకొద్దీ వాదించుకున్నారు, ప్రభుత్వానిదా, యూనివర్సిటీదా అని. అక్కడి జింకలదీ, పొద్దున్నే నడిచేవాళ్ళదీ కాదన్న విషయంలో మాత్రం కాగితాల ప్రకారం ఎవరికీ అనుమానం లేదు. హైదరాబాదు బండలదీ ఇదే కథ. ఈ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. భూమిలోపల పగుళ్ళ వెంబడి నీరు చేరి, లక్షల ఏళ్ళు అరిగి అరిగి, పైనున్న మట్టి కొట్టుకుపోతే ఒకదాని మీదొకటి పేర్చినట్టు ఇలా బయటపడ్డాయి. వీటిని కాపాడాలని 1996లోనే 'సొసైటీ టు సేవ్ రాక్స్' పెట్టుకుని కొందరు తిరుగుతున్నారు. ఇవతల బండ పగలగొట్టి టవరు కట్టి, ఆ టవరుకి 'రాక్ వ్యూ' అని పేరు పెడుతున్నారు. లేక్ వ్యూ కూడా అంతే. ముందు వరసలో ఉన్న ఇరవై అంతస్తుల వాడికి వ్యూ, వాడి వెనకున్న కాలనీ మొత్తానికి వాడి బాత్రూం పైపుల వ్యూ.

ఇదంతా రాయడానికి అసలు కారణం ఇంకా చిన్నది. మేం కిరాయికుంటున్న కాలనీలో అరవై రెండు ఇళ్ళు. మధ్యలో లేఅవుట్లో పార్కు అని చూపించిన జాగా ఒకటుంది. పార్కంటే పెద్దగా ఏం లేదు, రెండు వేపచెట్లు, ఒక చింతచెట్టు, విరిగిన బెంచీ. సాయంత్రం ఇళ్ళల్లో పనిచేసే అమ్మలు పిల్లల్తో కూర్చుంటారు, ఇస్త్రీ బండి అక్కడే, రిటైరైన పెద్దవాళ్ళ పంచాయితీ అక్కడే. ఈ మధ్య అసోసియేషన్ వాళ్ళు అందులో ఫంక్షన్ హాలు కడదామంటున్నారు. కాలనీకి ఆదాయం వస్తుంది, మెయింటెనెన్స్ తగ్గుతుంది, ఇళ్ళ రేట్లు పెరుగుతాయి అని. మీటింగుకి వెళ్ళి వద్దన్నాను. ప్రెసిడెంటు అంకుల్ చాలా మర్యాదగానే, "బాబూ, నువ్వు కిరాయికున్నావు, రేపు కంపెనీ మారితే వెళ్ళిపోతావు. ఓనర్లు మాట్లాడుకోవాల్సిన విషయం ఇది" అన్నారు.

ఆయన మాటలో తప్పు పట్టడానికి కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. ఆ చింతచెట్టు మీద ఓనర్లకుండే హక్కు ఏమిటి, నాకు లేనిదేమిటి? ఇళ్ళు వాళ్ళవి, నిజమే. పార్కు మాత్రం వాళ్ళది కూడా కాదు. బెంగళూరులో సరిగ్గా ఇలాంటిదే ఒక కేసు నడిచింది. పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే ఆ ప్రాంతం వాళ్ళు కోర్టుకెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ఆసుపత్రి కూడా మంచిదే కదా అన్న వాదన నిలబడలేదు. ఆసుపత్రికే ఒప్పుకోని చోట ఫంక్షన్ హాలుకి ఎలా ఒప్పుకుంటారు? ఆ తీర్పు ప్రింటు తీసి, తెలుగులో ఒక పేజీ సారాంశం రాసి ఇంటింటికీ తిరుగుతున్నాను. కొందరు గుమ్మంలోంచే పంపించేశారు. ఒకావిడ లోపల కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఆ చింతచెట్టు ఆవిడ ఇల్లు కట్టకముందు నుంచీ ఉందని, వాళ్ళాయన పోయాక సాయంత్రాలు దాని కిందే గడిచాయని చెప్పి సంతకం పెట్టింది.

మా ఆవిడది వేరే అభిప్రాయం. "నువ్వు చెప్పేదంతా బానే ఉంది గానీ, ఆ రెండు గుంటలు కొనుంటే ఈపాటికి రేటు పెరిగేది. దాంతో పాటు ఈ సంతకాలు కూడా సేకరించుకోవచ్చు, ఒకదానికొకటి అడ్డేం లేదు కదా" అంటుంది. రేటు విషయంలో తను చెప్పింది నిజం, కాదనను. రెండోది కుదరదని నా అనుమానం. శనివారాలు ఉన్నవే నాలుగు. హద్దురాళ్ళు చూసుకోవడానికి వెళ్తే ఈ అరవై రెండు గుమ్మాలు ఎక్కేదెప్పుడు? ఇది తను ఒప్పుకోలేదు. మొన్న మాత్రం నాతో పాటు నాలుగిళ్ళకి వచ్చింది, అందులో మూడు సంతకాలు తన వల్లే అయ్యాయి.

ఇప్పటికి ఇరవై మూడు వచ్చాయి. సగానికి మించాలంటే ఇంకా తొమ్మిది కావాలి, ఓటింగు వచ్చే నెల రెండో ఆదివారం. నా సంతకం ఎలాగూ లెక్కలోకి రాదు కాబట్టి డల్లాస్‌లో ఉన్న మా ఓనరు గారికి మెయిల్ పెట్టాను. పార్కు ఫోటో కూడా జత చేశాను, చింతచెట్టు కనపడేట్టు. ఆయన ఆరేళ్ళుగా ఈ ఇల్లు చూసింది లేదట. "ఆ చెట్టుకి ఇంకా కాయలు కాస్తున్నాయా?" అని అడిగారు. కాస్తున్నాయని రాశాను. సంతకం సంగతి ఇంకా ఏమీ చెప్పలేదు.